ఇంటి లెక్కలు: ఏడుగురికి సరిపడే బండి

ఈ మధ్య మన మారతహళ్ళి తెలుగు ఇళ్ళలో పిల్లల చదువుల తరువాత అంత గట్టిగా చర్చకు వస్తున్న విషయం ఏమయ్యా అంటే, పెద్ద బండి. పిల్లలు దానిని ఎస్.యు.వి. అంటారు. మా చిన్నతనంలో అటువంటి దానిని జీపు అనేవాళ్ళము. అది ఎమ్మార్వోగారి ఆఫీసు ముందో, పోలీసు స్టేషను ముందో తప్ప సంసారి ఇంటి ముందు నిలబడి ఉండగా చూసి ఎరుగము. ఇప్పుడు మన సంఘం సమావేశాలకే నాలుగైదు పెద్ద బండ్లు వస్తున్నాయి. దిగినవాళ్ళను చూసి మిగిలినవాళ్ళకు ఆలోచన పుట్టటం లోకసహజం. అయితే అదొక్కటే కారణమని మేము అనము. సంక్రాంతికి రెండు రోజుల ముందు రాత్రివేళ కలామందిర్ స్టాపు దగ్గర సంచులతో, పిల్లలతో, ముసలివాళ్ళతో ప్రైవేటు బస్సు కోసం నిలబడినవాళ్ళకు అసలు కారణం వేరే చెప్పనక్కరలేదు.

మన సభ్యులొకరు ఈ విషయమై మమ్మల్ని సలహా అడిగారు. పేరు వెయ్యవద్దన్నారు గనుక వెయ్యటం లేదు. ఇంట్లో ఏడుగురు: దంపతులు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లిదండ్రులు, ఆమె తల్లి. ఏడాదికి మూడు నాలుగుసార్లు నెల్లూరు ప్రయాణం, నెలకొకసారి పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోవటం. పెద్దమ్మాయి పదో తరగతి చదువుతున్నది. చేతిలో అయిదు లక్షలున్నాయి. అమ్మాయి కాలేజీ చదువుకని విడిగా బ్యాంకులో వేసినవి మరో మూడు లక్షలు. కొత్తది కొనమంటారా, వాడినది కొనమంటారా అని ప్రశ్న. ఆయన కొత్తది అంటారు, ఆమె ఆ మూడు లక్షలు ముట్టుకోవద్దంటారు. కుర్రవాడు మాత్రం పైకప్పులో అద్దపు కిటికీ ఉంటే చాలు, ఏదైనా సరే అంటాడు.

మేము గుమాస్తాలము. ఇంజను విప్పి చూసిన చెయ్యి కాదు. అయితే కాగితాలు చదవటం, కూడికలు వెయ్యటం మా పని. ఈ బేరంలో సగం ఆ రెంటిలోనే ఉన్నదని మాకు తోచింది.

ముందు బండి కొలతలు. అమెరికాలో మనవాళ్ళు ఫుల్ సైజు అనేది వేరు. అక్కడ 1935 నుంచి వస్తున్న షెవ్రోలె సబర్బను ఇవాళ అయిదున్నర మీటర్లు దాటి పొడవు ఉంటుంది. దానిని మన అపార్టుమెంటు నేలమాళిగలో పెడితే మూతి పక్కవాళ్ళ స్థలంలో ఉంటుంది. మన వీధులలో పెద్ద బండి అంటే ఇన్నోవా, స్కార్పియో, సఫారి, ఫార్చ్యూనరు, ఎక్స్.యు.వి. 700 వంటివే. ఇన్నోవా అసలు ఎస్.యు.వి. కానే కాదని కుర్రవాళ్ళు దెబ్బలాడతారు. ఏడుగురిని కూర్చోబెట్టి ఊరు చేర్చేది ఏదైనా మా లెక్కలో ఒకటే. ఇన్నోవా క్రిస్టా పొడవు 4,735 మిల్లీమీటర్లు, వెడల్పు 1,830. స్కార్పియో ఎన్ పొడవు కొంచెం తక్కువ, 4,662, కాని వెడల్పు 1,917. సఫారి వెడల్పు 1,922. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియావారి క్యారెన్సు 4,540 పొడవు, 1,800 వెడల్పు. ఈ వెడల్పులలో అద్దాల చెవులు చేరవు. షోరూముకు వెళ్ళేముందు బట్టలు కొలిచే టేపు పట్టుకుని మీ స్థలంలో స్తంభానికీ స్తంభానికీ మధ్య కొలవండి. బండి పట్టటం కాదు, పట్టిన తరువాత తలుపు తీసుకుని మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి దిగగలగాలి. మన సభ్యుని స్థలంలో పది సెంటీమీటర్ల తేడాతో రెండు బండ్లు ఆ పూటే జాబితాలోంచి పోయాయి.

తరువాత కూర్చునే సంగతి. షోరూములో బండి నడిపి చూడటానికి యజమాని ఒక్కడే పోతాడు, మహా అయితే కొడుకును వెంటబెట్టుకు పోతాడు. ఇది మాకు ఎప్పుడూ నచ్చని పద్ధతి. చక్రం పట్టుకునేవాడి సీటు ఏ బండిలోనైనా బాగానే ఉంటుంది. చూడవలసినవాళ్ళు నడివరసలోని పెద్దవాళ్ళు, వెనక వరసలోని పిల్లలు. అందుచేత ఏడుగురూ వెళ్ళవలసిందేనని పట్టుబట్టాము, వెళ్ళారు. ఎత్తయిన ఒక బండిలో తల్లిగారిని ఎక్కించారట. ఆవిడ కూర్చుని, కిందికి చూసి, "ఎక్కేదయితే ఎక్కాను గాని అబ్బాయ్, దిగేదెట్టా?" అన్నారట. ఆ ఒక్క మాట పది పత్రికల సమీక్షలకంటె ఎక్కువ.

నడివరసలో రెండు విడి కుర్చీలుంటే చేతులు ఆనించుకోవటానికి పెద్దవాళ్ళకు సుఖం, మధ్య సందులోంచి పిల్లలు వెనక్కు పోగలరు. ఒకే బెంచీ ఉంటే ఒక మనిషి అదనంగా పడతాడు, కాని వెనక్కు పోవాలంటే ఒక సీటు మడవాలి. వెనక వరస నిలబెడితే సామాను చోటు ఎంత మిగిలిందో చూడండి. కొన్ని బండ్లలో రెండు చేతిసంచులు పెట్టగానే నిండుతుంది. నెల్లూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు బియ్యపు మూట, ఆవకాయ జాడీలు ఎక్కడ పెడతారు? పైగా పోయే దారి కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా. మొగిలి ఘాటు మలుపులలో వెనక వరసలో గాలి రాకపోతే పిల్లవాడి సంగతి ఏమవుతుందో తల్లులకు తెలుసు. వెనక్కు విడిగా చల్లగాలి గొట్టం ఉన్నదీ లేనిదీ చెయ్యి పెట్టి చూడవలసినదే.

ఇక కొత్త బండి లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. మారింది. అంతకుముందు పెద్ద ఎస్.యు.వి.లకు 28 శాతం పన్ను, దానిమీద 22 శాతం సెస్సు, మొత్తం 50 ఉండేది. ఇప్పుడు సెస్సు తీసివేసి 40 శాతం చేశారు. ధరలు తగ్గినమాట నిజమే. అయితే ఇది షోరూము ధరలో కలిసిపోయి ఉండే పన్ను. మనం కౌంటరు దగ్గర కట్టేది వేరే ఉన్నది. కర్ణాటకలో పది లక్షలు దాటి ఇరవై లక్షల లోపు బండికి జీవితకాలపు పన్ను 17 శాతం, ఇరవై దాటితే 18 శాతం. ఆ పన్నుమీద మళ్ళీ 11 శాతం సెస్సు. షోరూము ధర 18 లక్షలనుకోండి. పన్ను 3,06,000, సెస్సు 33,660. ఇన్సూరెన్సు, తక్కిన చిల్లర ఖర్చులు 80 వేలనుకుంటే బండి రోడ్డెక్కేసరికి 22 లక్షల 20 వేల దగ్గర ఆగుతుంది. పత్రికలో చూసిన ధరకూ, కట్టవలసిన ధరకూ నాలుగు లక్షల పైచిలుకు తేడా. సంసారి ఈ తేడాను అప్పులోకి తోస్తాడు, లేదా ఇంకొకరికని దాచినదానిలోంచి తీస్తాడు.

మన సభ్యుని విషయంలో అదే జరగబోయింది. 15 లక్షలు అప్పు, మిగిలినది చేతి సొమ్ము. చేతిలో అయిదే ఉన్నాయి గనుక అమ్మాయి డబ్బులోంచి రెండుంబావు లక్షలు. తొమ్మిది శాతం వడ్డీ, ఏడేళ్ళ గడువు అనుకుంటే నెలసరి వాయిదా 24,134 రూపాయలు. ఏడేళ్ళూ కట్టేసరికి వడ్డీయే 5 లక్షల 27 వేలు. అంకెలకంటె గడువు చూసి మేము ఆగాము. అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఇంటరు రెండేళ్ళు, ఇంజనీరింగు నాలుగేళ్ళు. అంటే అమ్మాయి పట్టా చేతికి వచ్చేదాకా ప్రతినెలా బండి వాయిదా, కాలేజీ ఫీజు ఒకే జీతం మీద పడతాయి. ఫీజు కట్టవలసిన నెలలో వాయిదా కట్టకపోతే బ్యాంకు ఊరుకోదు. వాయిదా కట్టి ఫీజు ఆపితే కాలేజీ ఊరుకోదు.

"మరి ఎందుకండీ, అద్దెకు తీసుకోండి, ఏడాదికి ఆ పదిహేను రోజులకూ" అని మొదట మేమే అన్నాము. ఏడుగురూ కలిసి కూర్చునేది ఏడాదికి ఎన్ని రోజులో కాలెండరు మీద గుర్తులు పెట్టించాము. ఇరవై రోజులు వచ్చింది. ఇదే పని ఇతర కుటుంబాలలో చేస్తే ఏడెనిమిది రోజులకంటె రాదని మా అనుమానం. అటువంటివారు చిన్నకారు ఉంచుకుని పండగలకు బండి, డ్రైవరును మాట్లాడుకోవటమే ఉత్తమం. కాని వీరి ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళున్నారు. రాత్రివేళ ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే ఫోనులో పిలిచిన టాక్సీ కుందలహళ్ళి సిగ్నలు దగ్గర చిక్కుకుని ఉంటుంది. ఆ మాట మేము కాదనలేకపోయాము.

కనుక వాడిన బండి. ఇక్కడ కొంచెం విస్తరించి చెప్పవలసి ఉన్నది.

మన పేటలో వాడిన బండి కొనేవారు ఒక సంవత్సరం గుర్తుంచుకోవాలి: 2022. ఆ సెప్టెంబరు మొదటి వారంలో కురిసిన వానలకు ఔటర్ రింగు రోడ్డు చెరువయింది. యమలూరు, బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు వైపున ఇళ్ళ నేలమాళిగలు నిండాయి. ఆఫీసులకు ఉద్యోగస్థులు ట్రాక్టర్లెక్కి పోయారు. ఆ నీళ్ళలో మునిగిన కార్లు ఏమయ్యాయి? ఆరబెట్టి, తుడిచి, మెరుగుపెట్టిన తరువాత ఎన్నో తిరిగి బజారుకు వస్తాయి. నీళ్ళలో మునిగిన బండి కొన్న మొదటినెల బాగానే నడుస్తుంది. వైర్ల అతుకులలో, కంప్యూటరు పెట్టెలలో చేరిన చెమ్మ నిదానంగా తుప్పు పట్టిస్తుంది. ఒకరోజు దీపాలు, ఒకరోజు కిటికీ, ఒకరోజు గాలిసంచి తాలూకు హెచ్చరిక. ఏ మేస్త్రీ కూడా ఇదీ కారణమని తేల్చి చెప్పలేడు.

పట్టుకోవటానికి దారులున్నాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలెక్కడో దాగి ఉండే భాగం మీద బురద గీత ఉంటే మిగిలినదంతా కడిగినా అది చెబుతుంది. సీటు జరిగే పట్టాలకు, బోల్టులకు తుప్పు, తివాచీ కింద సన్నని ఒండ్రు, స్టెప్నీ పెట్టే గుంటలో మట్టి చూడండి. బండిలో సెంటువాసన గుప్పుమంటే అద్దాలు బిగించి ఎండలో పావుగంట ఉంచి తలుపు తీయండి. ఇవి మెకానిక్కు చూసేవి. గుమాస్తా చూడగలిగినది ఇంకొకటి ఉన్నది. 2023లో తీసుకున్న ఇన్సూరెన్సు పాలసీ అడగండి. అంతకుముందు ఏడాది క్లెయిము చెయ్యనివారికి నో క్లెయిము బోనసు అని 20 శాతం నుంచి 50 శాతం దాకా తగ్గింపు ఉంటుంది. ఆ పాలసీలో ఆ గడి సున్నా చూపిస్తే 2022లో ఏదో క్లెయిము జరిగి ఉండవచ్చు. యజమాని మారినా సున్నాయే అవుతుంది గనుక వెంటనే నిందవెయ్యకుండా ఎందుకని అడగాలి. జవాబు చెప్పటానికి తటపటాయిస్తే లేచి రావటం మంచిది.

రెండవది మీటరు. పెద్ద బండ్లలో, ముఖ్యంగా ఇన్నోవాలలో, పసుపు బోర్డుతో టాక్సీగా తిరిగి తరువాత తెల్లబోర్డు వేసుకున్నవి ఉంటాయి. మా వెంట వచ్చిన బ్రోకరు ఒకాయన ప్రతి బండికీ "ఒబ్బరే ఓనర్ సార్, డాక్టర్ గాడి" అనేవాడు. ఒక ఆదివారంలో నలుగురు డాక్టర్ల బండ్లు చూశాము. ఒక డాక్టరుగారు ఆరేళ్ళలో నలభై వేల కిలోమీటర్లే తిరిగారని మీటరు చెబుతున్నది. క్లచ్చి తొక్కే రబ్బరు మాత్రం అరిగి నున్నగా అద్దంలా ఉన్నది. బ్రోకరు తన మెకానిక్కునే పిలిచి బండి బ్రహ్మాండమనిపించాడు. పిల్లికి ఎలుక సాక్ష్యం. కంపెనీవారి సర్వీసు కేంద్రంలో యజమాని ద్వారా పాత సర్వీసు చిట్టా తీయించండి. ఏ తారీఖున ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో వరుసగా ఉంటుంది. 2021లో తొంబై వేలు చూపిన బండి ఇవాళ డెబ్బై వేలు చూపుతుంటే ఇక బేరం లేదు.

మూడవది బండి ఊరు. మన ఊళ్ళో ఎవరో తక్కువకు ఇస్తున్నారని ఏ.పి. బోర్డు బండి తెచ్చుకునేవారున్నారు. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడ తిరిగి నమోదు చేయించాలి. అక్కడినుంచి నిరభ్యంతర పత్రం, ఇక్కడ బండి వయస్సునుబట్టి తగ్గించిన జీవితకాలపు పన్ను. ఆ పన్ను కూడి చూస్తే చవక చాలావరకు కరిగిపోతుంది. ఢిల్లీ బండ్ల సంగతి కూడా ఇంతే. పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు అక్కడ తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు, 2018లో సుప్రీంకోర్టు అన్న తరువాత అటునుంచి చవకగా బండ్లు దిగాయి. చవక ఎందుకో తెలిసే కొనాలి.

నాలుగవది ప్రాణం సంగతి, దీనిని మేము చివర చెప్పినా మొదటిది. కార్లన్నిటికీ ఎ.బి.ఎస్. బ్రేకులు తప్పనిసరి అయినది 2019 ఏప్రిలులో, డ్రైవరుకు గాలిసంచి అదే ఏడు జూలైలో. పక్కసీటుకు ఆ తరువాత. అంతకుముందు బండ్లలో చౌకరకాలకు ఇవి ఉండకపోవచ్చు. కొన్ని పాత స్కార్పియోలలో వెనక సీట్లు ఎదురెదురుగా, పక్కకు తిరిగి ఉంటాయి. పిల్లలు ముచ్చటపడతారు, కబుర్లకు బాగుంటుంది. గట్టిగా బ్రేకు పడితే వాళ్ళను పట్టి ఉంచేదేమీ ఉండదు. ఏడుగురికీ ముందుకు తిరిగిన సీటు, సీటుకొక మూడుకొసల బెల్టు లేని బండి ఎంత చవకైనా మేము వద్దన్నాము.

డీజిలా, పెట్రోలా అని కూడా అడిగారు. 2020 ఏప్రిలు తరువాతి డీజిలు బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. ఆ మసి కాలాలంటే బండి అప్పుడప్పుడు వేగంగా, కొంతసేపు నడవాలి. మారతహళ్ళి వంతెన నుంచి వైట్‌ఫీల్డుదాకా రోజూ పాకే బండికి ఆ అవకాశం లేదు. నెలకొకసారైనా కోలారుదాకా పోయిరాగలిగితేనే డీజిలు.

వాడిన బండిని వ్యాపారి దగ్గర కొంటే అతని లాభంమీద 18 శాతం జి.ఎస్.టి. ఉంటుంది, అది ధరలోకే వస్తుంది. మనిషికి మనిషి అమ్ముకుంటే అది లేదు. అన్నట్టు బేరంలో ఎవరైనా "కొత్తది ఇంత" అని ధర చెబితే అది 2025 సెప్టెంబరుకు ముందటిదా, తరువాతదా అని అడగటం మరచిపోకండి. ఇన్నోవా వంటివాటిలో ఎంత బేరమాడినా పెద్దగా తగ్గదు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే.

మన సభ్యులకు చివరకు దొరికినది తమ అపార్టుమెంటులోనే, పై అంతస్తువారిది. విదేశం పోతూ అమ్ముతున్నారు. అయిదేళ్ళ బండి, 2022 వానలలో రెండవ అంతస్తు పార్కింగులో ఉన్నది, రోజూ కళ్ళముందు తిరిగినది. 13 లక్షల 25 వేలు చెప్పి 12 లక్షలకు దిగారు. చేతి సొమ్ము నాలుగు, అప్పు ఎనిమిది. వాడిన బండికి వడ్డీ ఎక్కువే, 13 శాతం. అయినా అయిదేళ్ళకు వాయిదా 18,202, మొత్తం వడ్డీ 2 లక్షల 92 వేలు. అమ్మాయి ఇంజనీరింగు రెండో ఏడు ముగిసేసరికి అప్పు తీరుతుంది. అమ్మాయి డబ్బు అలాగే ఉన్నది. మిగిలిన లక్షను టైర్లకు, బ్యాటరీకి, రాబోయే మరమ్మతుకు విడిగా ఉంచమన్నాము. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు గదా. కుర్రవాడు మాత్రం అద్దపు కిటికీ లేదని రెండు రోజులు ముభావంగా ఉన్నాడట.

కాగితాల పని మేమే దగ్గరుండి చూశాము. అమ్మేవారికి పాత అప్పు ఉన్నది గనుక బ్యాంకు నుంచి 35వ నంబరు ఫారము, తరువాత 29, 30 ఫారాలు. కొన్నవారు 30 రోజుల లోపల ఆర్.టి.ఓ. ఆఫీసులో తెలపాలి. ట్రాఫిక్ జరిమానాలు బండి నంబరుమీద చూస్తే రెండు పాతవి బయటపడ్డాయి, సొమ్ము చేతులు మారకముందే అమ్మేవారు కట్టేశారు. ఇన్సూరెన్సు పేరుమార్పుకు 14 రోజులే గడువు. పాతవారి నో క్లెయిము బోనసు వారి వెంటే పోతుంది, బండితో రాదు. అందుకని కొత్త ప్రీమియం తేడా కట్టవలసి వచ్చింది. తల్లిగారు ఎక్కటానికి వడ్రంగిచేత ఆరంగుళాల ఎత్తు పీట ఒకటి చేయించారు. అది వెనక సీటు కింద సరిపోయింది.